చివరి పడవ వెనక

"పంతులమ్మా, తాత పోనాడు" అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు కళింగపట్నం పడవాయన. నేను శ్రీకాకుళంలో మా కాలేజీ మెట్ల మీద జవాబు పత్రాల కట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏ తాత అని అడగలేదు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళకి కొదవలేదు గానీ నాకు తెలిసిన తాత ఒక్కడే.

"ఎప్పుడు?" అన్నాను.

"తెల్లారగట్ల. నిద్దట్లోనే. ముకం నిమ్మళంగా ఉన్నాది."

ఆ చివరి మాట నాకు ఊరటగా ఉంటుందని అన్నాడు పాపం. నేనేమో మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఎవరో విద్యార్థి మంచినీళ్ళ సీసా ఇస్తే తాగాను.

ఆయన పేరు నాకు తెలీదు. చరిత్ర పాఠం చెప్పుకుని బతికేదాన్ని. పగిలిన ఇటుక దొరికినా ఏ కాలందో, ఎవరు పేర్చారో అడిగి రాసుకుంటాను. మూడేళ్ళ పరిచయంలో ఆ మనిషి పేరు మాత్రం అడగాలని తోచలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో. "నా పేరుతో నీకేటి పని, సూడ్డానికొచ్చినావు, సూడు" అనేవాడు.

అసలు నేను వెళ్ళింది చూడ్డానికి కూడా కాదు, రాయడానికి. జిల్లాలో చూడదగ్గ చోట్ల గురించి చిన్న పుస్తకం వేస్తామని, కళింగపట్నం పేజీలు నన్ను రాయమని పురమాయించారు. శ్రీకూర్మం నాకు ఇచ్చి ఉంటే బాగుండేది. గుడి ఉంది, స్తంభాలున్నాయి, పెరట్లో తాబేళ్ళున్నాయి, కూర్చుని రాసెయ్యొచ్చు. కళింగపట్నంలో ఏముందని రాయను? లైట్‌హౌసు, ఇసక, ఎండబెట్టిన చేపలు. ఒకప్పుడు ఓడలొచ్చేవట అన్న కబురు. ఆ ఓడలు ఆగిన చోటు చూపించండి అంటే టీ కొట్టు దగ్గర ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత టీ కాచే ఆమె, "తాతనడుగు, లేనివన్నీ ఆయనే సూపిత్తాడు" అంది. వేళాకోళం చేస్తోందనుకున్నాను. కాదు. ఉన్న సంగతే చెప్పింది.

పొడుగ్గా, నల్లగా, ఎండిపోయిన మనిషి. మోకాళ్ళ పైకి లుంగీ, తలకి తువ్వాలు. రెండు చేతులూ ఒంటికి అతికించుకుని నిలబడేవాడు, ఎవరో కొలత తీస్తున్నట్టు. మాట్లాడేటప్పుడు మన మొహం చూడడు. మన చెవి పక్కనుంచి సముద్రం వైపు చూస్తాడు. మొదటి రోజు నాకు చిరాకేసింది. నా వెనక ఎవరొచ్చారా అని నాలుగైదు సార్లు తిరిగి చూశాను.

తీరం మీద ముందు నడుస్తున్నవాడల్లా ఒకచోట ఆగి, "ఇక్కడ తలొంచు" అన్నాడు.

"ఎందుకు?"

"గుమ్మం పొట్టి."

అక్కడ గుమ్మమూ లేదు, గోడా లేదు. ఇసక, ఆకాశం, అంతే. ఆయన మాత్రం నడుం దాకా వంగి, కాలెత్తి, గడప దాటినట్టు దాటి అవతల నిటారుగా నిలబడ్డాడు. నేను నవ్వుకుని నేరుగా నడిచి వెళ్ళాను. "తగిలిందేటి?" అని అడిగాడు. లేదన్నాను. "తగుల్తాది" అన్నాడు. శ్రీకాకుళం వచ్చే బస్సులో నుదురు సలుపుతూ ఉంటే ఎండ తగిలిందనుకున్నాను. ఇంటికెళ్ళి అద్దంలో చూస్తే ఎర్రగా కందిన గీత ఒకటి అడ్డంగా ఉంది. బస్సు కిటికీ ఊచకి తలానించి ఉంటానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎదుటివాళ్ళకి ఋజువు అడిగే నేను, నా దగ్గరికొచ్చేసరికి ఏది దొరికితే దాన్ని నమ్మేస్తాను.

మరుసటి నెల విద్యార్థుల్ని తీసుకెళ్ళాను. నలభైమంది పిల్లలు ఖాళీ ఇసకలో వరసగా తలొంచుకుని, కాళ్ళెత్తి దాటారు. మొదటి నలుగురు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. నేనూ తలొంచాను. పక్కన వల బాగుచేసుకుంటున్న మగవాళ్ళు చూసి తల తిప్పుకున్నారు గానీ ఒక్కడు వెటకారం ఆడలేదు.

ఆయన చూపించే పద్ధతి వేరు. వేలెత్తి చూపడు. మన భుజాలు పట్టుకుని తిప్పి నిలబెడతాడు. "ఈ కాలు ఇక్కడెట్టు. ఆ లైట్‌హౌసుని ఆ సరుగుడు సెట్టు ఎనక్కి దాసీ. దాగిందా? ఇప్పుడు ఎనక్కి తిరుగు. నీ ముక్కుకి సూటిగా ఉన్నాది, అదీ మా ఈది." సూటిగా ఉండేది నీళ్ళే, ఆ వీధిని సముద్రం ఎప్పుడో మింగేసింది. "ఆ అల ఇరిగిపోతన్నాది సూడు, అది మా అక్క ఇల్లు. దానవతల సరుకు దించీసీ గొడౌను." నేను నోట్సు తీసి రాసుకునేదాన్ని. కెరటాల్లో ఒకచోట, ఎప్పుడు చూసినా అదే చోట, నీళ్ళు నలుచదరంగా కాస్త రంగు మారి ఉండేవి. కింద రాయి ఉండి ఉంటుందని పక్కన రాసుకున్నాను.

ఈ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. సముద్రంలో వేటకెళ్ళేవాళ్ళందరిదీ. నీళ్ళ మీద గుర్తులుండవు కాబట్టి గట్టు మీద రెండు గుర్తులు చూసుకుంటారు. దగ్గర ఒకటి, దూరం ఒకటి. రెండూ ఒకదాని వెనక ఒకటి ఒకే వరసలోకి వస్తే తాము సరైన గీత మీద ఉన్నట్టు. వంశధార సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు. అక్కడ ఇసక తిన్నెలు అటూ ఇటూ ఉండి మధ్యలో సన్నటి దారి ఉంటుంది. అదాటున తిన్నె మీదికి పోతే కెరటం తెప్పని తిరగేస్తుంది. పాతకాలంలో ఆ దారికి రెండు గుర్తులుండేవి. వెనక లైట్‌హౌసు, ముందు ఒక పొడుగాటి తాటిచెట్టు. లైట్‌హౌసు తాటిచెట్టు వెనక్కి చేరేలా పట్టుకుని వస్తే ఇంటికి వచ్చినట్టే.

ఆ తాటిచెట్టు ఇప్పుడు లేదు. ఆయనే కొట్టించేశాడు.

ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, పడవాయన చెప్పాడు. పడవాయనకి నలభై దాటి ఉంటాయి. ఇంజను పడవ ఉంది. తాత అతనికి మేనమామ వరస అవుతాడు. నేను చేపల షెడ్డు నీడలో కూర్చుని ఉంటే పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి చెప్పాడు. చెట్టు కొట్టించేనాటికి తాత ముప్పై ఏళ్ళవాడు. తనకింకా కాకపోయినా తమ్ముడికి పెళ్ళి కుదిరింది. కొత్త జంటకి గది కావాలి. తమ్ముడు తెప్ప మీద వేటకెళ్ళిన రోజున, వాడొచ్చేసరికి గది మీద దూలం పడాలని, చేవదేరిన చెట్టు చూసుకుని కోయించాడు. పక్కనే ఇంకో తాడి ఉందిలే, పైగా పగలు కదా, కళ్ళున్నోడికి లైట్‌హౌసు కనబడదా అనుకున్నాడు. ఆ వేళకి మంచు కమ్మింది. తమ్ముడు పక్క తాడిని పట్టుకుని వచ్చాడు. తెప్ప దుంగలు రెండు గట్టుకొచ్చాయి. మనిషి రాలేదు.

"సెట్టు నేదని ఆడికెవులు సెప్తారు? ఆడు పాపం ఉన్నాదనుకునే వొచ్చినాడు" అన్నాడు పడవాయన.

దూలం మాత్రం గది మీద పడింది. ఆ గదికి తాళం వేశారు.

అప్పట్నుంచి రోజూ పడవలు తిరిగొచ్చే వేళకి, పొద్దున్న పదీ పదకొండు మధ్య, తాత వెళ్ళి ఆ చెట్టు చోట నిలబడతాడు. ఎవరికి ఏం చూపిస్తున్నా, మాట సగంలో ఉన్నా సరే, వదిలేసి వెళ్ళిపోతాడు. చేతులు ఒంటికి అతికించుకుని కదలకుండా నిలబడతాడు. కాకి వచ్చి తల మీద వాలడం నేను చూశాను. తోలలేదు.

నా నోరు ఊరుకోదు కదా. ఒకరోజు అడిగాను.

"తాతా, చెట్టు ఉండిన చోటు అది కాదట కదా. ఇంకా అటుందట. నువ్వేమిటి ఏడాదికేడాది ఇటు జరుగుతున్నావు?"

"మొగ జరుగుతాది. పాత దారిలో ఇప్పుడు ఇసకే ఉన్నాది. మొగ జరిగితే నాను జరగొద్దేటి?"

"చెట్టు నడుస్తుందా?"

"నాలుగడుగులు నడిస్తే తప్పేటి?"

"ఇప్పుడు అందరి పడవల్లోనూ జీపీఎస్ ఉంది. నిన్నెవరు చూస్తారు?"

"అందరికాడా ఉన్నాది" అన్నాడు. "మావోడికాడ లేదు కదా."

నేను నోట్సు మూసేశాను. ఎండలో నిలబడి ఉన్నా చేతుల మీద రోమాలు లేచాయి.

ఇంకో అలవాటు ఉంది ఆ ఊరికి. గట్టుకొచ్చిన ప్రతి పడవనీ ఒడ్డునున్నవాళ్ళు "మీ ఎనక ఎవులున్నారు?" అని అడుగుతారు. పడవలోవాళ్ళు వెనకొచ్చే పడవ పేరు చెబుతారు. ఆఖరి పడవ వచ్చి, ఇక రావాల్సినవాళ్ళు ఎవరూ లేరని "మరి లేరు" అంటే ఆడవాళ్ళు గంపలెత్తుకుని కదులుతారు. మరి లేరు అన్న మాట అయ్యేదాకా గట్టు మీదివాళ్ళు వెళ్ళకూడదు. తాత కూడా అడిగేవాడు, చివరి పడవని. కానీ ఆయనకి ఎవరూ మరి లేరు అని చెప్పరు. "వస్తన్నారు తాతా" అంటారు. ముసలివాళ్ళు అనేవారు, ఇప్పుడు వాళ్ళ మనవలంటున్నారు. ఆ మాట విని ఆయన ఇంకో గంట నిలబడి ఇంటికెళ్ళేవాడు. ఇన్నేళ్ళూ ఊరు ఊరంతా కలిసి ఒక మనిషిని ఎండలో నిలబెట్టిందని నాకు ఒళ్ళు మండేది. ఒకసారి పడవాయనతో అనేశాను కూడా. అతను నా వంక అదోలా చూసి, "నువ్వొకసారి సముద్రం మీదికి రా పంతులమ్మా" అన్నాడు.

వెళ్ళాను. పుష్యమాసం, చలి, సముద్రం బల్లపరుపుగా ఉంది. చీకటి విడగానే బయల్దేరి, అతను వలలు తీసుకునేసరికి తొమ్మిదిన్నరైంది. అప్పుడు తేలికపాటి మంచు దిగింది. తీరం సన్నటి గీతలా కనబడుతోంది. తిరుగు ప్రయాణంలో పడవ ముక్కుని గట్టు వైపు తిప్పి, "సూడు" అన్నాడు.

లైట్‌హౌసు మంచులో తెల్లగా ఉంది. దాని ముందు ఒక తాటిచెట్టు ఉంది. నల్లటి బోదె, పైన గుండ్రంగా తల, కిందికి వేలాడుతున్న ఎండు మట్టలతో సహా. నా కళ్ళకి కళ్ళజోడుంది. తీసి తుడిచి పెట్టుకున్నాను. చెట్టే. ఆ దూరానికి మనిషి చీమంత కూడా కనబడడు.

"అక్కడ చెట్టు లేదు కదా" అన్నాను.

"లేదు" అన్నాడతను. "మా అందరికీ ఇలగే కనపడతాది. జీపీఎస్ ఉన్నాది గాని దాన్ని ఎవులు సూస్తారు." చుక్కాని సర్దుకుంటూ, "గీత పట్టుకున్నాక ఎనక్కి సూడకు. మేం సూడం" అన్నాడు.

చూడొద్దంటే చూడకుండా ఉండే రకాన్ని కాను నేను. తిరిగాను.

మా వెనక, చాలా దూరంగా, తెల్లటి మంచులో ఒక తెప్ప ఉంది. దుంగలు కట్టిన తెప్ప. ఇప్పుడెవరూ వాడరు, అన్నీ ఫైబరు పడవలే. దాని మీద ఒక మనిషి తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీళ్ళు లేచి పడుతున్నాయి గానీ తెప్ప లేవడం లేదు, పడడం లేదు. మొహం తెలియలేదు. కానీ మొహం ఎటుందో తెలిసింది. మా వైపు కాదు. మమ్మల్ని దాటి, గట్టు మీది చెట్టు వైపు. మా పడవ కొంచెం ఎడమకి తిరిగితే అతనూ అంతే తిరిగాడు. తొందర లేకుండా, దారి తెలిసిన మనిషిలా వస్తున్నాడు.

నేను ముందుకు తిరిగి చీర కొంగు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. కొట్టుకుపోతున్న దుంగ అనుకున్నాను. మంచు అనుకున్నాను. నిద్ర చాలలేదనుకున్నాను. ఒక్కటీ అతకలేదు.

మొగ దాటి ఒడ్డుకొచ్చేసరికి చెట్టు చోట తాత నిలబడి ఉన్నాడు. మామూలు తాత, లుంగీ, తువ్వాలు. మాదే ఆఖరి పడవ.

"మీ ఎనక ఎవులైనా ఉన్నారా?" అని అడిగాడు.

పడవాయన నోరు తెరిచాడు. అతనికన్నా ముందు నేనన్నాను.

"లేరు తాతా. మాదే ఆఖరు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు."

ఆయన్ని ఆ చాకిరీ నుంచి విడిపించాలని అలా అన్నానని తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితులతో చెప్పుకున్నాను. మంచిపని చేశావన్నారు. అది నిజం కాదు. నేను హడిలిపోయి అన్నాను. ఉన్నాడని నోటితో అంటే ఇక అతను నాకూ ఉన్నట్టే అని భయపడ్డాను. లేడు అని గట్టిగా అంటే లేకుండా పోతాడనుకున్నాను.

తాత మొదటిసారి నా మొహం వైపు చూశాడు. చెవి పక్కనుంచి కాదు, కళ్ళలోకి.

"నువ్వు సూసేవా?"

"చూశాను."

"అయితే మరి లేడన్నమాట."

ఇన్నేళ్ళలో ఆయనతో ఎవరూ అనని మాట అది. ఆయన చేతులు ఒంటి నుంచి విడివడ్డాయి, వేళ్ళు ముడిచి విప్పుకున్నాడు. తలకి కట్టిన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, ఇంటి వైపు నడిచి వెళ్ళిపోయాడు. పొట్టి గుమ్మం దగ్గర తలొంచలేదు. పడవాయన సముద్రం వైపు తిరిగి రెండు లెంపలూ వాయించుకున్నాడు. అటు ఏం కనబడిందో నేనడగలేదు.

అది జరిగిన పదకొండో రోజున ఫోను వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. తాత ఇల్లు చేపలు ఆరబెట్టే దిబ్బకి అవతల ఉంది. నేను వెళ్ళేసరికి అంత్యక్రియలు అయిపోయి, కార్యాలు చేసేవాళ్ళు బయటికెళ్ళారు. ఆయన భార్య అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. చిన్న మనిషి. నన్నెప్పుడూ చూడకపోయినా చూడగానే గుర్తుపట్టింది.

"నువ్వేనేటి పంతులమ్మవి? రా, కూకో."

కూర్చున్నాను. ఆమే మాట్లాడింది.

"ఆ దినం ఇంటికొచ్చి బువ్వెట్టమన్నాడు. రెండుసార్లు ఏయించుకున్నాడు. ఎప్పుడూ తినడు తల్లీ. అలగ ముద్ద ముట్టుకుని లెగిసిపోవడమే. తిని, తాళం సెవి అడిగినాడు. ఆ గదికి నా పెల్లయిన కాడినుంచీ తాళమే. తీసి, తుడిసి, నాను సాపేస్తే ఆ దూలం కిందే పడుకున్నాడు. పదకొండు దినాలూ అక్కడే. పదైతే లెగిసెలిపోతాడేమోనని నాను సూస్తనే ఉన్నాను. లెగలేదు. పంతులమ్మ సెప్పినాది, సదూకున్న మనిసి, ఆమెకి అబద్దం ఆడాల్సిన పనేటి అన్నాడు."

నేను నేల వైపు చూస్తూ ఉన్నాను. గది తలుపు తీసే ఉంది. లోపల దూలం నల్లగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. చాప ఇంకా చుట్టలేదు.

"ఊరంతా కలిసి మోయించిన బరువు నువ్వు దించీసినావు" అని ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. చేతులు చల్లగా, ఉప్పు పట్టి గరుగ్గా ఉన్నాయి. "ఆఖరికి మా ఆయన కంటి నిండా నిద్రోయి సచ్చిపోనాడు. నాకు అది సాలు."

కృతజ్ఞత అంత బరువుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. చేతులు విడిపించుకోవాలనిపించింది, విడిపించుకోలేకపోయాను. ఆమె పట్టు వదల్లేదు. తర్వాత నా మొహం దగ్గరికి వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఆడు నా మరిది. నాను కాపురానికి రాకముందే పోనాడు, నా సేత్తో అన్నమెట్టలేదు గాని, పదైనప్పుడల్లా ఆడి కోసం ఈయన ఎల్లడం సూసిన్దాన్ని. నువ్వు బాగా సూసే సెప్పేవు కదా తల్లీ? ఎవులూ లేరు కదా?"

ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. నేను ఉన్నది ఉన్నట్టు చెబితే ఆమె అప్పటికప్పుడు లేచి తీరానికెళ్ళి ఆ చెట్టు చోట నిలబడుతుంది. ఆ వయసులో, ఆ ఎండలో, రోజూ. చెప్పకపోతే మొగ దగ్గర ఆ తెప్ప మనిషికి గుర్తు ఉండదు. రెండూ నాకు తెలుసు. తెలిసీ తల ఊపాను. ఎవరూ లేరని ఊపాను.

ఆమె ఊపిరి వదిలి, నా చేతులు వదిలేసి, లోపలికెళ్ళి చాప చుట్టింది.

బయటికొచ్చేసరికి పది దాటింది. పడవలు వచ్చే వేళ. ఆడవాళ్ళు గంపలతో తీరం వైపు వెళ్తున్నారు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నేను దిబ్బ ఎక్కలేదు. వెనక సందులోంచి బస్సు ఆగే చోటికి వెళ్ళి, సముద్రం కనబడని వైపు సీటు చూసుకుని కూర్చున్నాను. అక్కడ ఒకడు తెడ్డు పట్టుకుని నిలబడి, పదకొండు రోజుల కింద దాకా ఉన్న చెట్టు ఏమైందా అని గట్టు పొడుగునా వెతుక్కుంటున్నాడు. ఆ రోజు దాదాపు వచ్చేశాడు. నా కళ్ళతో చూశాను. బస్సు కదిలితే బాగుండునని డ్రైవరు వీపు వంక చూస్తూ కూర్చున్నాను.